అక్షరం పొల్లుపోని నేరం

మా సంస్థలో ఎవరూ రోగుల ముఖాలు చూడరు. వాళ్ళ తలకాయలు, ఊపిరితిత్తులు, మోకాళ్ళు, వెన్నుపూసలు మాత్రం చూస్తాం. రాష్ట్రంలోని సర్కారు ఆసుపత్రుల్లో తీసిన ప్రతి స్కానూ తీగల వెంట కొండెక్కి మా దగ్గరికే వస్తుంది. ఆసుపత్రుల వాళ్ళు చేతికి ఫిల్ము ఇవ్వడం మానేసి చాలా కాలమైంది. ఏ డాక్టరుకైనా పాత స్కాను కావాలంటే మేం పంపాలి. మేం పంపకపోతే ఆ రోగికి నిన్నటి రోజంటూ లేనట్టే. ఇంత ఘనకార్యం చేసే సంస్థ పేరు రాష్ట్ర వైద్య చిత్ర భాండాగారం. నా పేరు సన్యాసిరాజు, ఆఫీసు సూపరింటెండెంటుని. కమిషనర్లు వస్తుంటారు, పోతుంటారు. వాళ్ళ కుర్చీ మీద తెల్ల తువ్వాలు మార్పించే బాధ్యత మాత్రం శాశ్వతంగా నాది.

స్కానులు ఉండేది డిస్కులు పేర్చిన ఇనుప బీరువాల్లో. ఒక వరుస బీరువాలన్నిటినీ కలిపి పూల్ అంటారు. మాకు మూడు పూల్స్ ఉండేవి. ఎవరో పాత కమిషనరు గారు సరదాపడి వాటికి మా నదుల పేర్లు పెట్టారు. అన్నిటికన్నా పాతది వంశధార, తర్వాతది నాగావళి, ఆ తర్వాతది గోస్తని. వచ్చిన ప్రతి ఫైలుకూ మూడు కాపీలు తయారై తలా ఒక పూల్‌లో కూర్చుంటాయి. డిస్కులన్నాక చస్తుంటాయి. ఒకచోట కాపీ చస్తే మిగతా రెండు చోట్లా బతికుంటుంది. ఇందులో అంతకు మించి బ్రహ్మవిద్య ఏమీ లేదు.

వంశధార బాగా ముసలిదైపోయింది. దాని పక్కన నిలబడితే ఉబ్బసం ఉన్న పెద్దాయన పక్కన కూర్చున్నట్టుండేది. అందుకని మా ఇంజనీరు శశికళ అరపేజీ నోటు పెట్టింది. కొత్తగా కొన్న నాలుగో పూల్ చంపావతి ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పకుండా వరండా పక్క గదిలో ఉంది; వంశధారలోని ఫైళ్ళను అందులోకి తరలించి, ఆపైన వంశధారను తప్పించేద్దామని. సంతకం పెడితే వారం పదిరోజుల్లో తేలిపోయే పని. కానీ సంతకం పెట్టాల్సిన కమిషనరు గారు ఆ వారమే బదిలీ అయ్యారు. ఆయన కుర్చీలోకి విరూపాక్షరావు గారు వచ్చారు.

విరూపాక్షరావు గారు పౌరసరఫరాల శాఖ నుంచి వచ్చారు. బోగస్ రేషన్ కార్డుల ఏరివేతలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. ఒక జిల్లాలో ఆయన ఏరివేసిన ఊపుకి, జనాభా లెక్కలవాళ్ళు ఖంగారుపడి మళ్ళీ లెక్కపెట్టుకున్నారని చెప్పుకుంటారు. అలాంటి మనిషి బల్ల మీద, చేరిన మొదటి రోజునే, శశికళ నోటు పైనే ఉంది. ఆయన చదువుతూ చదువుతూ ఒకచోట ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. మా ఇద్దరినీ పిలిపించారు.

"ఏమిటమ్మా ఇది? ప్రతి ఫైలూ మూడు పూల్స్‌లో ఉంటుందని రాశావు. పొరపాటున రాశావా, తెలిసే రాశావా?"

"తెలిసే రాశాను సార్," అంది శశికళ. "అన్నిటికీ మూడేసి కాపీలుంటాయి."

"ఒకే రోగి?"

"అవును సార్."

"ఒకే మోకాలు?"

"అవును సార్."

"మూడు చోట్ల లబ్ధి!" ఆయన నా వైపు తిరిగారు. "సూపరింటెండెంట్ గారూ, మీ ఇంట్లో రేషన్ కార్డులెన్ని?"

"ఒకటే సార్," అన్నాను. పౌరసరఫరాల నుంచి వచ్చినాయన అడిగితే ఇంకో జవాబు ఉండదు.

"కార్డు పోతే ఇంకోటి ఇస్తారు సార్," అంది శశికళ. "ఫైలు పోతే మళ్ళీ రాదు. అందుకే ముందుగానే..."

"పోయినప్పుడు దరఖాస్తు పెట్టుకుంటారు. పోతుందేమోనని ముందే తలా మూడు ఇచ్చుకుంటూ పోతే ప్రభుత్వాలు నడవవమ్మా."

"ఫైళ్ళు దరఖాస్తు పెట్టుకోలేవు సార్."

"అది వాటి చైతన్యలోపం," అన్నారు కమిషనరు గారు, నోటు పక్కన పెట్టేస్తూ.

మర్నాటికల్లా ఆఫీసు గేటుకి ఫ్లెక్సీ కట్టారు. 'ఒకే ఫైలు, ఒకే గూడు' అని పెద్ద అక్షరాలు, కింద చేతులు జోడించిన కమిషనరు గారి ఫొటో. ఫ్లెక్సీ మాత్రం మూడు చోట్ల కట్టించారు. గేటు దగ్గరిది చూడనివాళ్ళకి క్యాంటీన్ దగ్గర, అక్కడా చూడనివాళ్ళకి లిఫ్టు దగ్గర కనపడాలని ఆయనే చెప్పారు.

విచారణ మొదలైంది. కాపీల్లో అసలుదేదో, బోగస్‌దేదో తేల్చడానికి కమిషనరు గారు అధ్యక్షులుగా, నేను సభ్యుడిగా ఒక కమిటీ ఏర్పడింది. శశికళను సాక్షిగా పిలిచారు. ప్రతి ఫైలుకీ కంప్యూటరు లెక్కగట్టి ఇచ్చే ఒక గుర్తు ఉంటుందనీ, ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ గుర్తు మారిపోతుందనీ ఆమె ఓపిగ్గా వివరించింది. మనిషికి వేలిముద్ర లాంటిదన్నమాట.

"మూడు కాపీల గుర్తులూ ఒకటేనా?" అని అడిగారు కమిషనరు గారు.

"ఒకటే సార్. అక్షరం పొల్లుపోదు." శశికళ మొహంలో గర్వం కనిపించింది. పాపం, చిన్నపిల్ల.

"అంటే ముగ్గురూ ఒకే వేలిముద్ర పెడుతున్నారు. నేరం రుజువైంది. రాసుకోండి రాజు గారూ."

నేను రాసుకున్నాను. శశికళ నోరు వెళ్ళబెట్టింది. కాసేపటికి తేరుకుని, "అన్నీ అలా ఉండవు సార్. వంశధారలో పాడైన కాపీలు కొన్ని ఉన్నాయి. వాటి గుర్తు మిగతా రెండిటితో కలవదు. అలాంటప్పుడు మిగతా రెండిట్లోంచి ఒకటి మళ్ళీ..." అంటూ ఏదో చెప్పబోయింది.

"ఆగమ్మా. రెండు కలిసి, మూడోది కలవకపోతే ఏం చేస్తారు?"

"కలవనిది తీసేస్తాం సార్. అది పాడైంది కనుక."

కమిషనరు గారు జాలిగా నవ్వారు. "నేను విచారణలు చేసి చేసి తల నెరిసినవాణ్ణి. ఇద్దరు సాక్షులొచ్చి ఒకే మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పారంటే ఎవరో నేర్పించి పంపారని అర్థం. తేడాగా చెప్పినవాడే నిజం చెబుతున్నాడు. ఎవరితోనూ కుమ్మక్కు కానిది ఆ మూడోదొక్కటే. దాన్ని తీసేస్తారా? ఇన్నాళ్ళూ ఈ సంస్థలో అమాయకుల్ని శిక్షిస్తున్నారన్నమాట!"

ఆ సాయంత్రమే మెమో వెలువడింది. టైపు చేయించింది నేనే కనుక నాకు నోటికొచ్చు. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా" అని మొదలై, ఒక్కో పేరా ఒక్కో బాంబులా ఉండేది. మూడు కాపీలూ సరిపోలిన పక్షంలో సీనియర్ పూల్‌లోనిది ఉంచి, జూనియర్ పూల్స్‌లోని రెండిటినీ అనర్హులుగా ప్రకటించి ఏరివేయవలెను. అది మూడో పేరా. నాలుగో పేరాలో, "ఏ ఇతర చిత్రముతోను సరిపోలని చిత్రమును, సదరు చిత్రమునకు ఎవరితోను కుమ్మక్కు లేనందున, అసలైనదిగా భావించి భద్రపరచవలెను" అని ఉంది. ఆ పేరా కమిషనరు గారు స్వయంగా చెప్పి రాయించారు. రాయించాక ఒకసారి పైకి చదివించుకుని విన్నారు కూడా.

నాగావళీ గోస్తనీ ఖాళీ అయిపోయాయి. ఖాళీ అయిన పూల్స్ ఉంచుకుంటే దండగ కనుక వాటిని తప్పించాలని నిర్ణయం జరిగింది. "రెండూ కొత్తవి సార్, ఇంకా వారంటీలో ఉన్నాయి. తప్పిస్తే వంశధారని తప్పించండి," అని శశికళ బతిమాలింది. సిబ్బందిని తగ్గించాల్సి వచ్చినప్పుడు చివర చేరినవాళ్ళు ముందు వెళ్ళాలనేది సర్వీసు రూల్సులో ఉందని కమిషనరు గారు గుర్తుచేశారు. వంశధార అందరికన్నా ముందు చేరింది. దానికేదో ఆయాసం ఉందని ఇంటికి పంపుతారా? ఆయాసానికే పంపేటట్టయితే మా ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. ఈ చివరి మాట నేను పైకి అనలేదు.

తప్పించిన పూల్స్‌లోంచి మళ్ళీ ఎవరూ బోగస్‌లు పుట్టించకుండా డిస్కులకి చిల్లులు పొడవాలన్నారు. షామియానా వేశారు. అరటిపళ్ళూ సమోసాలూ తెప్పించారు. కమిషనరు గారు నాగావళి మొదటి డిస్కుని బల్ల మీద పెట్టించి, డ్రిల్లింగ్ మెషీన్ చేత్తో పట్టుకుని ఫొటోగ్రాఫర్ వైపు చూస్తూ చిల్లు పొడిచారు. చప్పట్లు కొట్టాం. మిగతా చిల్లులు కార్పెంటర్ పొడిచాడు. శశికళ సమోసా తీసుకోలేదు. నేను తీసుకున్నాను, చల్లారిపోయి ఉంది.

ఆ తర్వాత రాష్ట్రంలోని స్కానులన్నిటికీ ఒక్కొక్కటే కాపీ, అన్నీ ఆ ముసలి వంశధారలోనే. శశికళకు అన్నం సహించడం మానేసింది. ఆఖరి ప్రయత్నంగా మళ్ళీ కమిషనరు గారి దగ్గరికెళ్ళింది. నన్నూ వెంటబెట్టుకెళ్ళింది.

"సార్, ఒక్కటే కాపీ ఉండాలన్నారు, ఒప్పుకుంటాను. ఆ ఒక్కటీ చంపావతిలో ఉండనివ్వండి. కొత్తది, గట్టిది."

విరూపాక్షరావు గారు మంచి మూడ్‌లో ఉన్నారు. "అదీ పద్ధతి. ఎలా తరలిస్తావు?"

"ముందు చంపావతిలోకి కాపీ అవుతుంది సార్. సరిగా చేరిందో లేదో చూసుకుని, అప్పుడు వంశధారలోది చెరిపేస్తాం."

"అంటే కొంతసేపు రెండు చోట్లా ఉంటుందా?"

"కొద్ది సేపే సార్."

"కొద్ది సేపైనా బోగస్ బోగస్సే. నేను ఆ శాఖ నుంచి ఈ శాఖకి బదిలీ అయినప్పుడు, ఇక్కడ నేను చేరినట్టు రూఢి అయ్యేదాకా అక్కడొక విరూపాక్షరావు కూర్చున్నాడా?"

"లేదు సార్."

"ముందు రిలీవ్ అయ్యాను. తర్వాత చేరాను. మధ్యలో చేరిక గడువు వాడుకున్నాను. ఫైలుకైనా అదే రూలు. ముందు అక్కడ చెరిపెయ్యి, తర్వాత ఇక్కడ చేర్చు. ప్రయోగాత్మకంగా ఒక్క ఫైలుతో మొదలుపెట్టు."

"చెరిపేశాక చేర్చడానికి ఏముంటుంది సార్?"

"నువ్వు ఇంజనీరువి. అది నువ్వు చూసుకోవాలి."

రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చారు కనుక ప్రయోగం జరిగింది. సీనియారిటీ ప్రకారం అన్నిటికన్నా పాతది, ఎవరిదో ఛాతీ ఎక్స్‌రే, రిలీవ్ అయింది. కమిషనరు గారు చంపావతి ముందు కుర్చీ వేయించుకుని కాసేపు ఎదురుచూశారు. అందులో ఏమీ కనిపించకపోతే, "చేరిక గడువులో ఉంది. వస్తుంది," అని భోజనానికి వెళ్ళారు. ఆ ఎక్స్‌రే ఇప్పటికీ గడువులోనే ఉంది. చంపావతికి మళ్ళీ ప్లాస్టిక్ కవర్లు తొడిగించాం, దుమ్ము పడకుండా.

ఈలోగా ఆసుపత్రుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. వెన్నెముక పంపమంటే సగం దాకా వచ్చి ఆగిందనీ, ఊపిరితిత్తులు రెండు ఉండాల్సిన చోట ఒకటి, అదీ గళ్ళు గళ్ళుగా వచ్చిందనీ. నాలుగో పేరా కింద భద్రపరచిన అమాయకులన్నమాట. కమిషనరు గారు చేతికందిన ఫోనల్లా ఎత్తి, నిండుగా ఉన్న బోగస్ కన్నా సగమైనా అసలుదే మేలని అందరికీ వివరించారు. ఏరివేతకు ఆయనకి రాష్ట్రస్థాయి పురస్కారం ప్రకటించారు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం నీలవేణి వచ్చింది.

మా ఆఫీసుకి జనం రారు. రావడానికి దారే సరిగా లేదు. ఆమె ఆటో దిగి కొండ మీదికి నడిచి, ఆయాసపడుతూ నా బల్ల ముందు నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి. పలాసలో జీడిపిక్కలు ఒలిచే పని. పిక్కల్లోంచి కారే జీడిపాలు అంటి అంటి వేళ్ళ చివర్లు నల్లగా మాడినట్టున్నాయి.

"బావూ, పెద్దాసుపత్రిలో పెద్ద డాక్టరు బాబు పంపినారు," అంది. "పోయినేడు నా తలకాయ ఫొటో తీసినారు. అది మీ కాడ ఉందట. ఇచ్చీయండి, ఎల్లిపోతాను."

కూర్చోమన్నాను. నీళ్ళిప్పించాను. కూర్చుని చెప్పింది.

"తల్లో గెడ్డ ఉందట బావూ. పోయినేడు ఉన్నంతే ఉంటే కొయ్యక్కర్నేదట. పెరిగితే పుర్రె తెరవాలట. ఇప్పుడు తీసిన ఫొటో ఆయన కాడ ఉంది. పాతది నేకుండా పెరిగినాదో నేదో ఎలగ తెలుస్తాది? సోమారం లోపల పాతది రాకపోతే బల్ల ఎక్కించీడమే అన్నారు. పుర్రె తెరిస్తే బతికినా కుడిసెయ్యి పడిపోవచ్చట. సెయ్యి పడిపోతే పిక్కలు ఎవులు ఒలుస్తారు బావూ?"

శశికళను పిలిచాను. ఆమె పేరు కొట్టి తెరిచింది. తెర మీద ఒక తల వచ్చింది. గడ్డం ఉంది, పళ్ళున్నాయి, ముక్కు సగం ఉంది. ఆ పైన అంతా నలుపు. నాగావళిలో, గోస్తనిలో నిండు తలకాయలు ఉండేవి. అవి రెండూ అక్షరం పొల్లుపోకుండా కలిసినందుకు ఏరివేశాం. ఎవరితోనూ కలవని ఈ చీకటిని నాలుగో పేరా కింద భద్రపరిచాం. నాకు కోపం వచ్చింది. నా ఉద్యోగంలో చాలాసార్లు విసుగొచ్చింది గానీ, ఇలా ఒళ్ళు మండే కోపం రావడం అదే మొదలు.

"ఇది నానేనా?" అంది నీలవేణి తెరలోకి వంగి. "బుర్రేది?"

శశికళ తల దించుకుంది. నీలవేణి కాసేపు మా ఇద్దరి మొహాలూ చూసి, జాకెట్లోంచి ఫోను తీసింది.

"పోయినేడు మెషీన్ కాడ టీవీలో కనపడతుంటే మా కూతురు ఒక ఫొటో తీసినాది. మెషీన్ తిప్పే బాబు వద్దననేదు. ఇది డాక్టరు బాబుకి సూపించినాను. బాగానే ఉంది గానీ, మీ ఆఫీసోల్లు ఇదే అసలుదని కాయితం ఇస్తే గానీ దీన్ని నమ్మి కొయ్యకుండా ఒగ్గీడానికి నేదన్నారు."

ఫొటోలో నిండు తలకాయ ఉంది. పక్కన పేరు, తారీఖు, కొలత గీత అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఒక మూల టెక్నీషియన్ బొటనవేలు కూడా పడింది.

"రాజు గారూ, ఫోన్లో తీసింది. మన దగ్గరున్న దాంతో కలవదు. ఎలా ధ్రువీకరిస్తాం?" అంది శశికళ గుసగుసగా.

"కలవదు కదా?"

"కలవదండీ. దేంతోనూ కలవదు."

"అయితే ఇంకేం కావాలి తల్లీ," అన్నాను.

అరగంటలో నోటు తయారు చేశాను. సదరు నీలవేణి సమర్పించిన చిత్రము భాండాగారములోని ఏ ఇతర చిత్రముతోను సరిపోలలేదని, కావున తమ అమూల్యమైన మెమో నాలుగో పేరా ననుసరించి దీనిని అసలైనదిగా భావించి, వంశధారలో భద్రపరచి, ధ్రువీకరణ జారీ చేయుటకు ఉత్తర్వులు కోరడమైనదని రాశాను. ఇన్నేళ్ళ సర్వీసులో నేర్చుకున్నది ఒకటుంది. పై అధికారికి ఆయన మెమోనే ఉదహరించి చూపిస్తే చదవకుండా సంతకం పెడతాడు, చదివితే ఆనందంగా సంతకం పెడతాడు.

విరూపాక్షరావు గారు చదివారు. మొహం వెలిగిపోయింది. "నాలుగో పేరాని అర్థం చేసుకున్నవారు మీరొక్కరే రాజు గారూ," అన్నారు. ఫొటోని కంప్యూటర్లో పెద్దది చేసి చూసి, "ఈ వేలెవరిది?" అని అడిగారు.

"కొలత కోసం పెట్టారు సార్."

"మంచిది. అన్ని స్కానులకీ పెట్టించండి," అని సంతకం చేశారు.

ధ్రువీకరణ పట్టుకుని నీలవేణి ఆ సాయంత్రమే పెద్దాసుపత్రికి వెళ్ళింది. నేను ఆదివారమంతా ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగాను. నా భార్య ఏమిటని అడిగితే, ఆఫీసు పని అన్నాను. ఆమె నమ్మలేదు. ఆఫీసు పనికి నేను ఎప్పుడూ అంత ఖంగారుపడలేదు మరి.

బుధవారం నాడు నీలవేణి మళ్ళీ కొండెక్కి వచ్చింది. చేతిలో జీడిపప్పు పొట్లం. మొహం చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది.

"పెరగనేదట బావూ! ఎంతుందో అంతే ఉందట. కొయ్యక్కర్నేదు, ఏడాదికోపాలి సూపించుకుంటే సాలన్నారు." నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. శశికళ పరుగున వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. నేనూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కార్యాలయ వేళల్లో అలా జరగకూడదు గానీ జరిగింది.

సరిగ్గా అప్పుడే కమిషనరు గారు మమ్మల్ని ముగ్గురినీ లోపలికి రమ్మన్నారు. ఆయన బల్ల మీద నా నోటే ఉంది.

"రాజు గారూ, ఈమె చిత్రం ఇప్పుడు వంశధారలో ఉందా?"

"ఉంది సార్."

"ఈమె ఫోన్లో?"

"ఉంది సార్," అన్నాను.

"రెండూ సరిపోలుతున్నాయా?"

శశికళ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"కుమ్మక్కు," అన్నారు కమిషనరు గారు మెల్లగా. "మన ఆవరణలోనే. మన సంతకంతోనే." ఆయన నీలవేణి వైపు చెయ్యి చాచారు. "అమ్మా, నీ మంచికే చెబుతున్నాను. నీ చిత్రం ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉంది. ఒకే ఫైలు, ఒకే గూడు. నీ ఫోన్లోది అనర్హమైనది. దాన్ని తీసెయ్యాలి."

నీలవేణి ఏమాత్రం తడబడకుండా ఫోను ఆయన చేతిలో పెట్టింది. "తీసీయండి బావూ. పరవానేదు."

ఆయన స్వయంగా తీసేశారు. తీసేసి, ఇంత సహకరించే లబ్ధిదారును తన సర్వీసులో చూడలేదని మెచ్చుకున్నారు.

"మా అప్ప ఫోన్లో ఉంది కదా," అంది నీలవేణి ఆయన్ని ఊరడిస్తున్నట్టు. "మా మరిది ఫోన్లో కూడా ఉంది. మా జీడి సంఘం గ్రూపులో పెట్టినాను, తెలిసిన డాక్టర్లుంటే సూపించమని. అరవై డెబ్బై మందికి ఎల్లుంటాది."

కమిషనరు గారి చేతిలోంచి ఫోను బల్ల మీద పడింది. ఆయన మొహంలో రంగులు మారాయి. "అరవై డెబ్బై..." అన్నారు. "ఒక్క తలకాయకి!" ఆ తర్వాత పాత ఉత్సాహం పుంజుకుని, "రాజు గారూ, స్క్వాడ్ ఏర్పాటు చెయ్యండి. మీరే ఇన్‌ఛార్జి. పలాసకి బయల్దేరండి. ఇంటింటికీ తిరిగి, ఫోను ఫోనుకీ తనిఖీ..." అంటుండగా ఆఫీసు మొత్తంలో ఏదో మారినట్టనిపించింది. ఏమిటో మొదట అర్థం కాలేదు. ఇన్నేళ్ళుగా గోడల వెనక నుంచి వినిపించే ఆయాసం ఆగిపోయింది.

శశికళ పరుగున బయటికెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చాక తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"సార్, వంశధార పోయింది. లేపడానికి ఎన్ని చెయ్యాలో అన్నీ చేశాను. లేవదు."

"మరి అందులో ఉన్నవి?"

"అందులోనే ఉన్నాయి సార్."

విరూపాక్షరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. రాష్ట్రంలోని మోకాళ్ళూ వెన్నుపూసలూ ఊపిరితిత్తులూ అన్నీ పోయాయి. ఎవరెవరు ఏ బల్ల మీద ఏ సోమవారం కోసం ఎదురుచూస్తున్నారో నాకు తెలియదు. చివరికి ఆయన, "దరఖాస్తులు ఆహ్వానిద్దాం," అన్నారు. ఆ మాట ఆయనకే నచ్చినట్టు లేదు.

"అంటే ఇక్కడున్న నా తలకాయ కూడా పోనాదా?" అంది నీలవేణి.

"పోయిందక్కా," అంది శశికళ.

నీలవేణి బల్ల మీది ఫోను తీసుకుని ఎవరికో కలిపింది. "అప్పా, నా తలకాయ ఫొటో నీ కాడుంది కదా. ఓపాలి పంపీ." కాసేపటికి ఫోను టింగుమంది. తెరిచి చూసుకుంది. నిండు తలకాయ, పేరు, తారీఖు, గీత, మూలన బొటనవేలు. మా భాండాగారం ఇన్నేళ్ళూ దాచిన స్కానుల్లో ఆ క్షణానికి భూమ్మీద మిగిలింది అదొక్కటే.

కమిషనరు గారు కుర్చీలోంచి లేచారు. బల్ల చుట్టూ తిరిగి ఆమె పక్కకొచ్చి, ఫోన్లోకి తొంగి చూశారు. పురస్కారం ఇచ్చేవాళ్ళు భాండాగారం చూడ్డానికి వస్తామన్నది మరుసటి వారమే. ఆయన గొంతులో ఇంతకు ముందెప్పుడూ వినని మెత్తదనం వినిపించింది.

"అమ్మా, అది... మాకొకటి పంపిస్తావా?"

నీలవేణి ఫోను జాకెట్లో దోపుకుంది. జీడిపప్పు పొట్లం నా చేతిలో పెట్టింది. శశికళ భుజం తట్టి, తలుపు దగ్గర ఆగి వెనక్కి చూసింది.

"ఎందుకు బావూ? మల్లీ తీసీడానికేటి?"